కొత్త ఇంట్లో బేస్‌మెంట్ ఎత్తు తగ్గితే బిల్డర్‌ను ఎలా అడగాలి

మన ఊళ్లో మేస్త్రిని "బేస్‌మెంట్ ఎంత?" అని అడిగితే రోడ్డు మట్టం నుంచి గచ్చు దాకా ఎన్ని అడుగులు లేపాడో చెబుతాడు. భూమిలోకి దిగే అంతస్తుకు మనం వాడే మాట సెల్లార్. అమెరికాలో బేస్‌మెంట్ అంటే ఆ కింది అంతస్తే. స్లాబు మాట కూడా ఇక్కడ తిరగబడుతుంది. మనకు స్లాబు నెత్తి మీద ఉంటుంది, ఇక్కడ కాళ్ల కింద పోసే కాంక్రీటును స్లాబ్ అంటారు. డాలస్‌లో పదేళ్లున్న వాళ్లకు కూడా వర్జీనియాకో, న్యూజెర్సీకో, అట్లాంటాకో మారేదాకా బేస్‌మెంట్ ఇల్లు అనుభవంలోకి రాదు. అందుకే మనవాళ్లు కిచెన్ కౌంటర్ రాయి కోసం మూడు వారాలు తిరుగుతారు గానీ, బేస్‌మెంట్ ఎత్తు గురించి ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటారు. మేమూ అదే చేశాం.

వర్జీనియాలో మా కొత్త ఇంట్లో పాలు పొంగించిన తర్వాతి ఆదివారం మా మరిది కిందికి దిగాడు. మనిషి ఆరడుగుల రెండంగుళాలు. హోమ్ థియేటర్ ఎక్కడ పెడదామా అని చూస్తూ చెయ్యి పైకెత్తాడు. చెయ్యి పూర్తిగా చాచకముందే వేళ్లు ఏసీ గాలి పోయే డక్ట్ రేకుకు తగిలి టంగుమంది. "వదినా, తొమ్మిదడుగులన్నారు కదా?" అన్నాడు. ఆ రోజు మొదలైన గొడవ తేలడానికి ఏడు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు మాకు తెలియక పోగొట్టుకున్నవే. మీకు ఆ నాలుగు నెలలు మిగలాలనే ఇది రాస్తున్నాను.

ముందు టేపు పట్టుకోండి

కోపంతో ఫోన్ చేయకండి. లేజర్ మీటర్ ఉంటే మంచిదే, మామూలు ఇరవై అయిదడుగుల టేపయినా సరిపోతుంది. ఒక్కచోట కొలిస్తే ఆ కొలతకు విలువ లేదు. స్లాబ్ ఎక్కడా సమంగా ఉండదు, డ్రెయిన్ వైపు కాస్త వాలుతుంది. నాలుగు మూలలు, మధ్యలో రెండు మూడు చోట్లు కలిపి కనీసం ఏడెనిమిది చోట్ల కొలవండి. ప్రతి చోటా కింది కొలతలు విడివిడిగా రాసుకోండి.

స్లాబ్ నుంచి పై అంతస్తును మోసే చెక్క వాసాల అడుగు దాకా ఎంత? వాటినే ఇక్కడ జాయిస్టులంటారు. స్లాబ్ నుంచి ఇనుప దూలం అడుగు దాకా ఎంత? ప్రధాన డక్ట్ అడుగు దాకా ఎంత? మెట్ల చివరి నాలుగు మెట్ల మీద నెత్తికి పైన ఎంత ఖాళీ ఉంది?

మెట్ల దగ్గరి కొలత చాలామంది మరచిపోతారు. నాకైతే అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. మెట్టు ముక్కు నుంచి నిలువుగా 6 అడుగుల 8 అంగుళాలు ఖాళీ ఉండాలని కోడ్, అంటే ఇళ్ల నిర్మాణ నిబంధనల పుస్తకం, చెబుతుంది. మెట్లు దిగేచోట డక్ట్ అడ్డం వచ్చిన ఇళ్లలో ఇది తప్పే అవకాశం ఎక్కువ. అక్కడ తప్పితే మీ చేతిలో ఉన్నది కోడ్ ఉల్లంఘన, బిల్డర్ దాన్ని మాటలతో దాటేయలేడు.

కొలిచిన ప్రతిచోటా టేపు కనబడేలా ఫోటో తీయండి. మేము మధ్యలోని ఉక్కు స్తంభం మీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే అంగుళాలూ తేదీ రాసి, దాన్నే ఫోటో తీశాం. తరువాత బిల్డర్ తరఫు మనిషి వచ్చి తన టేపుతో కొలిస్తే అదే గీతకు సరిపోయింది. ఆ ఒక్క గీత వల్ల "మీరు తప్పు కొలిచారు" అన్న వాదన అక్కడితో ఆగింది.

ఏది తప్పింది: కోడా, కాంట్రాక్టా, మన ఆశా?

మీ కేసు బలం అంతా ఈ ప్రశ్న మీదే ఉంది. మూడింటికీ దారులు వేరు.

చాలా రాష్ట్రాల కోడ్‌కు మూలం ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్. దాని ప్రకారం మనుషులు నివసించే గదికి 7 అడుగులు కావాలి. బాత్రూముకూ, లాండ్రీకీ 6 అడుగుల 8 అంగుళాలు చాలు. గోడలకూ సీలింగుకూ పలకలు వేసి ఫినిష్ చేయని, ఎవరూ నివసించని బేస్‌మెంట్‌కూ 6 అడుగుల 8 అంగుళాలే. దూలాలు, డక్ట్‌లు 6 అడుగుల 4 అంగుళాల దాకా కిందికి దిగవచ్చు. మీ కౌంటీ ఈ అంకెలను కాస్త మార్చి ఉండవచ్చు కాబట్టి ప్లాన్ అప్రూవల్ ఆఫీసులో ఒకసారి అడగండి. ఈ అంకెలు చూస్తే మీకే తెలుస్తుంది, కోడ్ చాలా తక్కువ ఎత్తుతోనే సరిపెట్టుకుంటుంది. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడంటే ఇల్లు ఆ కనీస గీత దాటిందని అర్థం. మీకు అమ్మిన ఎత్తు మీకు అందిందని కాదు.

కోడ్ దాటినా కాంట్రాక్టు తప్పి ఉండవచ్చు. మాది అదే. రెండూ సరిగ్గా ఉండి, మోడల్ హౌస్‌లో చూసిన ఎత్తు మాత్రమే రాకపోతే అది ఆశ తప్పడం. దానికి చట్టంలో బలం తక్కువ. అలాగని అడగకూడదని కాదు. అడిగే గొంతు వేరుగా ఉండాలి.

"తొమ్మిదడుగులు" అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి?

సేల్స్ ఆఫీసులో చెప్పే తొమ్మిదడుగులు గది ఎత్తు కాదు, కాంక్రీటు గోడ ఎత్తు. గోడ కింద వెడల్పుగా పోసే పునాది కాంక్రీటును ఫుటింగ్ అంటారు. దాని మీద 9 అడుగుల గోడ పోస్తారు, అంటే 108 అంగుళాలు. లోపల 4 అంగుళాల స్లాబ్ ఫుటింగ్ మీదికి వస్తుంది, 104 మిగిలింది. గోడ మీద ఒకటిన్నర అంగుళం చెక్క పట్టీ వేసి దాని మీద వాసాలు పెడతారు, 105½ అయింది. అంటే మచ్చ లేకుండా కట్టిన "తొమ్మిదడుగుల" బేస్‌మెంట్‌లో స్లాబ్ నుంచి వాసం దాకా వచ్చేది 8 అడుగుల 9½ అంగుళాలు. "ఎనిమిదడుగుల" దాంట్లో 7 అడుగుల 9½ అంగుళాలు. ఆపైన డక్ట్ ఎనిమిది పది అంగుళాలు తింటుంది. సీలింగు, గచ్చు మీద వేసే పలకలు ఇంకో అంగుళం రెండంగుళాలు తింటాయి.

కాబట్టి 8 అడుగుల 9½ వచ్చి "తొమ్మిది రాలేదు" అని పోరాడితే ఓడిపోతారు. మాకు వచ్చింది 8 అడుగుల 5½. ఆ నాలుగు అంగుళాలు ఎక్కడికి పోయాయో కనుక్కోవడమే మా కేసు.

కాగితాలు తీయండి

మూడు కాగితాలు కావాలి. మొదటిది కాంట్రాక్టు, దాంతోపాటు ఆప్షన్ల జాబితా. బేస్‌మెంట్ గోడ ఎత్తు పెంచడానికి విడిగా డబ్బు కట్టి ఉంటే ఆ వరుస మీకు బంగారం. రెండోది కౌంటీ ఆమోదించిన నిర్మాణ డ్రాయింగులు. బిల్డర్ ఇవ్వకపోతే కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో మీ పర్మిట్ నంబరు చెప్పి అడగండి. ఇంటి యజమానిగా వాటిని చూడమని అడగడం మామూలు సంగతి. అందులో గోడను నిలువుగా కోసి చూపించే బొమ్మ ఉంటుంది, దాన్ని వాల్ సెక్షన్ అంటారు. ఫుటింగ్, కంకర, స్లాబ్, గోడ, చెక్క పట్టీ అన్నీ కొలతలతో ఉంటాయి. మూడోది సేల్స్ మనిషితో జరిగిన ఈమెయిళ్లు, మెసేజీలు.

మా వాల్ సెక్షన్‌లో స్లాబ్ నేరుగా ఫుటింగ్ అంచు మీద ఆనినట్టు గీసి ఉంది. మేము పెట్టుకున్న ఇంజినీరు మూలన ఒకచోట పరీక్షించి చూస్తే ఫుటింగ్ మీద నాలుగు అంగుళాల కంకర పరిచి, దాని మీద స్లాబ్ పోశారని తేలింది. బొమ్మలో లేని కంకర. నాలుగు అంగుళాలు అక్కడ పోయాయి.

ఇప్పుడు చేదు సంగతి. దాదాపు ప్రతి బిల్డర్ కాంట్రాక్టులో మూడు వాక్యాలు ఉంటాయి. కొలతలు సుమారుగా చెప్పినవి. మోడల్ హౌస్ నమూనా మాత్రమే. ఈ కాగితంలో లేని నోటిమాటలు చెల్లవు. మూడో వాక్యం వల్ల సేల్స్ మనిషి చెప్పిన తియ్యని మాటలన్నీ చాలావరకు కొట్టుకుపోతాయి. మొదటిది మాత్రం అంత గట్టిది కాదు. "సుమారుగా" అన్న మాట పని చేసేటప్పుడు వచ్చే చిన్న తేడాలను కాస్తుంది. ఆమోదించిన డ్రాయింగులో లేని పొరను వేసుకోవడానికి అది అనుమతి కాదని మా లాయరు వాదించాడు. బిల్డర్ వైపు మెత్తబడింది ఆ వాదనకే.

క్లోజింగ్‌కు ముందా, తరువాతా?

క్లోజింగ్, అంటే డబ్బు కట్టి ఇల్లు మీ పేరు మీదికి మార్చుకోవడం, ఇంకా కాలేదంటే మీ చెయ్యి పైన ఉంది. ఇల్లంతా చివరిసారి తిరిగి చూసే ఫైనల్ వాక్‌త్రూ ఫారంలో రంగు మరకలు, తలుపు సందులతోపాటు "బేస్‌మెంట్ ఎత్తు డ్రాయింగ్‌కు తక్కువగా ఉంది, మా హక్కులు వదులుకోవడం లేదు" అని రాసి, కొలతలు వేసి, కాపీ తీసుకోండి. క్లోజింగ్ అయ్యాక కాంట్రాక్టులోని మాటలు ఇంటి యాజమాన్య పత్రమైన డీడ్‌లో కలిసిపోయి నిలవకుండా పోయే ప్రమాదం కొన్ని చోట్ల ఉంది. అందుకే "ఈ విషయం క్లోజింగ్ తర్వాత కూడా నిలుస్తుంది" అని బిల్డర్‌తో విడిగా సంతకం చేయించుకోవాలి. లాయరును అడగకుండా క్లోజింగ్‌కు రానని మాత్రం మొండికేయకండి. ముందు కట్టిన డిపాజిట్ పోవచ్చు, వడ్డీ రేటు లాక్ గడువు దాటిపోవచ్చు.

తరువాత తెలిసినా దారి ఉంది, కాకపోతే నోటీసు ఇచ్చే పద్ధతి తప్పకూడదు. వర్జీనియాలో కొత్త ఇంటికి చట్టం ఇచ్చే వారంటీ ఒక ఏడాది, పునాదికి అయిదేళ్లు. రిజిస్టర్డ్ లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు ఇస్తే, సరిచేయడానికి బిల్డర్‌కు ఆరు నెలలకు మించని సమయం దొరుకుతుంది. జార్జియాలో కోర్టుకు వెళ్లడానికి 90 రోజుల ముందు, ఒహాయోలో 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. న్యూజెర్సీ 1977 నాటి చట్టంలో వారంటీ 1, 2, 10 ఏళ్ల మెట్లుగా ఉంటుంది. అక్కడ ఒక జాగ్రత్త అవసరం. వారంటీ దారిలో క్లెయిమ్ మొదలుపెడితే అదే తప్పు మీద మిగతా దారులు మూసుకుపోతాయి. న్యూజెర్సీ వాళ్లు ఆ ఫారం మీద సంతకం పెట్టే ముందే లాయరుతో ఒక గంట మాట్లాడండి.

మేము పోగొట్టుకున్న నాలుగు నెలలు ఇక్కడే పోయాయి. బిల్డర్ పోర్టల్‌లో టికెట్ తెరిచి, దానికి వచ్చిన "పరిశీలిస్తున్నాం" అన్న జవాబులను నమ్ముతూ కూర్చున్నాం. పోర్టల్ టికెట్ చట్టం అడిగిన నోటీసు కాదు.

ఉత్తరం

రెండు పేజీలు దాటనివ్వకండి. నిందలు వద్దు. ఇంటి చిరునామా, క్లోజింగ్ తేదీ. డ్రాయింగులో ఏ పేజీలో ఏ కొలత ఉంది. మీరు ఎన్నిచోట్ల కొలిస్తే ఎంత వచ్చింది. తేడా ఎన్ని అంగుళాలు. దానివల్ల మీకు ఏం పోయింది. ఏం చేయాలని కోరుతున్నారు, ఎన్ని రోజుల్లో జవాబు కావాలి. ఇంతే.

"ఏం పోయింది" అన్నచోట మనవాళ్లు "చాలా బాధగా ఉంది" అని రాస్తారు. బాధ నిజమే, కానీ దానికి అంకె కావాలి. మేము ఇలా రాశాం. డక్ట్ కింద స్లాబ్ నుంచి 7 అడుగుల 7½ అంగుళాలు ఉంది. ఫినిష్ చేశాక 7 అడుగుల 5 మిగులుతుంది. థియేటర్‌లో రెండో వరుస కుర్చీలకు 12 అంగుళాల అరుగు వేస్తే నెత్తి మీద 6 అడుగుల 5 ఉంటుంది. ఇంట్లో ఆరడుగుల రెండంగుళాల మనిషి ఉన్నాడు. అవతలివాళ్లు ఆ పేరాకు జవాబు చెప్పలేకపోయారు.

మీకు మీ ఇంటి అవసరం ఉంటుంది. ఆరు నెలలకోసారి వచ్చే అమ్మానాన్నల పడకగది, పిల్లల కూచిపూడి సాధన, ట్రెడ్‌మిల్, సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ రెక్కలు నేల నుంచి ఏడడుగుల పైన ఉండాలని తయారీదారులు చెబుతారు, అది మంచి కొలబద్ద. ఇంకో లెక్క అమ్మేటప్పటిది. ఇంటి విస్తీర్ణం కొలిచే అన్సీ జెడ్765 ప్రమాణం ప్రకారం ఫినిష్ చేసిన చోటుగా లెక్కలోకి రావాలంటే 7 అడుగుల ఎత్తు ఉండాలి, డక్ట్‌లూ దూలాల కింద మాత్రం 6 అడుగుల 4 అంగుళాలు చాలు. బ్యాంకుల నుంచి ఇంటి రుణాలు కొనే ఫానీ మే అనే సంస్థ, 2022 ఏప్రిల్ 1 నుంచి ఇంటి విలువ కట్టే అప్రైజర్లను ఆ ప్రమాణమే వాడమంటోంది. మీ ఎత్తు ఫినిష్ చేశాక ఏడడుగుల కన్నా కిందికి దిగితే ఆ చోటుకు రేపు విలువ తగ్గుతుందని రాయండి.

ఏం అడగాలి, ఏం వస్తుంది

మొదటి కోపంలో అందరం అడిగేది ఒకటే, "పగలగొట్టి మళ్లీ కట్టు." కోర్టులు దాన్ని అంత తేలిగ్గా ఇవ్వవు. 1921లో న్యూయార్క్ అప్పీల్స్ కోర్టులో జడ్జి కార్డోజో రాసిన తీర్పు ఇప్పటికీ ఈ గొడవలన్నిటికీ మూలం. కాంట్రాక్టులో రాసిన కంపెనీ పైపు బదులు అదే నాణ్యతగల వేరే పైపు వేశారు. గోడలు పగలగొట్టే ఖర్చు ఇవ్వం, విలువలో తేడా ఎంతో అంతే ఇస్తాం అంది కోర్టు. 1960లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ముందుకు ఇంకా దగ్గరి కేసు వచ్చింది. గోడను తప్పుచోట కట్టడంతో హాలు అడుగుకు పైగా ఇరుకైంది. ఇంటి విలువ తగ్గలేదని తేలడంతో గోడ మార్చే ఖర్చు యజమానికి రాలేదు. ఇంగ్లండ్‌లో 1995లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చూసిన ఈతకొలను కేసు మన మనసుకు కాస్త ఊరటనిస్తుంది. 7 అడుగుల 6 అంగుళాల లోతు అడిగితే 6 అడుగుల 9 తవ్వారు. మళ్లీ కట్టడానికి కావలసిన 21,560 పౌండ్లు ఇవ్వలేదు గానీ, కోరుకున్నది దొరకని లోటుకు 2,500 పౌండ్లు నిలిపారు. ఆ తీర్పు అమెరికా కోర్టులను కట్టేయదు. అంగుళాల లోటుకు కూడా ఒక ధర ఉంటుందని మాత్రం చూపిస్తుంది.

కాబట్టి కోరికలు మెట్లుగా పెట్టండి. నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది డక్ట్ మార్పించడం. గది మధ్యలో పోయే ప్రధాన డక్ట్‌ను గోడవారకు జరిపితే, లేదా వెడల్పు పెంచి పలచన చేస్తే, మనిషి తిరిగేచోట ఎనిమిది పది అంగుళాలు తిరిగి వస్తాయి. స్లాబ్‌తో కొట్లాడి సంపాదించే నాలుగు అంగుళాల కన్నా ఇది పెద్ద లాభం, బిల్డర్‌కు ఖర్చు తక్కువ. గాలి సరిపోతుందని ఏసీ డిజైన్ చేసినవాళ్ల చేత రాయించుకోండి, లేదంటే పైగదులు ఎండాకాలంలో ఉడికిపోతాయి.

స్లాబ్ దించడం అన్ని ఇళ్లలో కుదరదు. స్లాబ్ ఫుటింగ్ మీదే ఆని ఉంటే, ఇంకా కిందికి తవ్వితే ఫుటింగ్ పక్కన మట్టి వదులై ఇంటికే ముప్పు. మా ఇంట్లో స్లాబ్‌కూ ఫుటింగ్‌కూ మధ్యలో కంకర ఉంది కాబట్టి దించడం సాధ్యమేనని ఇంజినీరు అన్నాడు. కానీ కింద బాత్రూము కోసం వేసిన పైపులు, నేలలోంచి వచ్చే రాడాన్ వాయువును బయటికి పంపే గొట్టం, నీళ్లు చేరే సంప్ గుంట అన్నీ కదిలించాలి. మూడు నెలలు దుమ్ములో, చంటిపిల్లతో ఉండలేమని వదిలేశాం. అది మా నిర్ణయం. మీ ఇంట్లో పైపులు లేకపోతే, ఆ ఎత్తు మీకు నిజంగా కావాలంటే, గట్టిగా అడగండి.

మూడోది డబ్బు. ఎత్తు పెంచడానికి మీరు కట్టిన ఆప్షన్ ధర వెనక్కి అడగడం కనీసం. దానితోపాటు విలువ తగ్గుదల ఎంతో ఒక అప్రైజర్ చేత రాయించి జతచేయండి. చివరికి మా బిల్డర్ డక్ట్ గోడవారకు జరిపి, కొంత డబ్బు ఇచ్చాడు. ఎంతో బయట చెప్పకూడదని సంతకం పెట్టాం. అలాంటి కాగితం మీ ముందుకు వస్తే ఒక్కటి చూడండి. "అన్ని క్లెయిములూ వదులుకుంటున్నాం" అని ఉంటే "బేస్‌మెంట్ ఎత్తుకు సంబంధించినవి మాత్రమే" అని మార్పించండి. రేపు పైకప్పు కారితే మళ్లీ అడిగే హక్కు ఉండాలి.

ఒప్పుకోకపోతే

కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ షరతు ఉందేమో చూడండి. కొత్త ఇళ్ల కాంట్రాక్టుల్లో తరచూ ఉంటుంది. ఉంటే కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలి, ఫీజు ఎవరు కట్టాలో అక్కడే రాసి ఉంటుంది. అంతకుముందు మధ్యవర్తితో రాజీకి కూర్చునే మీడియేషన్ అడగండి. కోడ్ తప్పి ఉంటే కౌంటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. లైసెన్సు ఇచ్చే రాష్ట్ర బోర్డుకూ ఫిర్యాదు చేయవచ్చు.

అదే ప్లాన్‌లో కట్టిన పక్కింటివాళ్ల బేస్‌మెంట్ కొలవడానికి అనుమతి అడగండి. వాళ్లకు నాలుగు అంగుళాలు ఎక్కువుంటే అది మీకు సాక్ష్యం. వాళ్లకూ తక్కువే ఉంటే ఇద్దరూ కలిసి రాయవచ్చు. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో మాత్రం గొడవ నడిచినన్నాళ్లూ ఆవేశంగా ఏమీ పెట్టకండి, అవే మీకు ఎదురు తిరుగుతాయి.

మనలో చాలామంది మనసులో ఉండి బయటికి అనని భయం ఇంకొకటుంది. హెచ్1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్నాం, ఎందుకొచ్చిన గొడవ అని. డబ్బిచ్చి కొన్న ఇంటి గురించి బిల్డర్‌కు నోటీసు ఇవ్వడం సివిల్ వ్యవహారం. దానికీ మీ వీసాకూ సంబంధం లేదు. ఆ భయంతో ఊరుకోకండి.

ఇంకా సంతకం పెట్టనివాళ్లకు

ఆప్షన్ కాగితంలో "9 అడుగుల బేస్‌మెంట్" అని రాయనివ్వకండి. ఇలా రాయించండి: "స్లాబ్ పై అంచు నుంచి జాయిస్టుల అడుగు దాకా 8 అడుగుల 9 అంగుళాలకు తగ్గదు. మెట్ల దగ్గరా, గది మధ్యలోనూ డక్ట్, దూలం కింద 8 అడుగులకు తగ్గదు." రెండో వాక్యానికి బిల్డర్ జంకితే ఓపెన్ వెబ్ ట్రస్ వాసాలు ధర ఎంతో అడగండి. వాటి మధ్య ఖాళీ ఉంటుంది, చాలా డక్ట్‌లు అందులోంచే పోతాయి.

తరువాత ఇంటికి రెండుసార్లు వెళ్లండి. గోడల అచ్చులు ఊడదీసిన రోజు ఒకసారి, గోడ ఎత్తు కొలవడానికి. స్లాబ్ పోయడానికి ముందురోజు ఇంకోసారి, కంకర పై మట్టం ఫుటింగ్‌ను దాటి పైకి వచ్చిందేమో చూడటానికి. సూపర్‌వైజర్‌కు ముందే చెప్పి, హెల్మెట్ పెట్టుకుని, టేపు తీసుకెళ్లండి. మీ గోడ నిజంగా తొమ్మిదడుగులే అయితే, కంకర మీద టేపు ఆనించి గోడ పై అంచు దాకా చూసినప్పుడు 108 అంగుళాలు కనబడాలి. 104 కనబడితే అక్కడే ఫోటో తీసి, కాంక్రీటు లారీ రాకముందే ఈమెయిల్ పంపండి.